నడుస్తున్న ప్రాసెస్‌లను సీగ్రూపులోకి మార్చినా మెమరీ పరిమితి ఎందుకు పనిచేయడం లేదు?

ప్రశ్న (మునగచెట్టు)

మా కళాశాల ప్రయోగశాలలో విద్యార్థులందరూ కలిసి వాడుకునే లినక్స్ సర్వర్ ఒకటి ఉంది. దాని బాధ్యత నాది. 64 జీబీ మెమరీ, 16 కోర్లు ఉన్నాయి. పాత తెలుగు పుస్తకాల స్కాన్ పేజీలను అక్షరాలుగా మార్చే ప్రాజెక్టులు దాని మీద ఎక్కువగా నడుస్తుంటాయి. ఒక విద్యార్థి పైథాన్ ప్రోగ్రామ్‌ను మొదలుపెడితే అది పేజీలను పంచి ఇవ్వడానికి ఎనిమిదో పదో వర్కర్ ప్రాసెస్‌లను పుట్టిస్తుంది. ఇలా ముగ్గురు ఒకేసారి పని మొదలుపెట్టిన రోజున సర్వర్ మొత్తం స్తంభించిపోయి, నాలుగో విద్యార్థి లాగిన్ కూడా కాలేకపోతున్నాడు.

దీన్ని అదుపు చేయడానికి నేను, ప్రాసెస్‌లను (నడుస్తున్న ప్రోగ్రాములను) గుంపులుగా చేసి వాటి మెమరీ, సీపీయూ వాడకానికి హద్దులు పెట్టే లినక్స్ సౌకర్యమైన సీగ్రూపుల రెండవ వెర్షన్‌ను వాడదలచుకున్నాను. సిస్-ఎఫ్ఎస్-సీగ్రూప్ డైరెక్టరీలో "విద్యార్థులు" అనే ఉపడైరెక్టరీని సృష్టించి, అందులోని మెమరీ.మ్యాక్స్ ఫైలులో 24 జీబీ అని రాశాను. తర్వాత నిమిషానికొకసారి నడిచే స్క్రిప్టు ఒకటి రాసి, పైథాన్ పేరుతో నడుస్తున్న ప్రాసెస్‌లలో బాగా మెమరీ తింటున్న వాటిని వెతికి, వాటి పీఐడీలను (ప్రాసెస్ నంబర్లను) ఆ గ్రూపులోని సీగ్రూప్.ప్రాక్స్ ఫైలులోకి రాయిస్తున్నాను. రాయడంలో ఏ లోపమూ రావడం లేదు. ప్రాక్-పీఐడీ-సీగ్రూప్ ఫైలు తెరిచి చూస్తే ప్రాసెస్ కొత్త గ్రూపులోనే ఉన్నట్టు కనిపిస్తోంది.

అయినా మూడు విషయాలు నాకు అర్థం కావడం లేదు. మొదటిది, 18 జీబీ పట్టుకుని కూర్చున్న ప్రాసెస్‌ను గ్రూపులోకి మార్చిన తర్వాత కూడా ఆ గ్రూపు మెమరీ.కరెంట్ (ప్రస్తుత వాడకం) కొన్ని వందల ఎంబీలనే చూపిస్తోంది. రెండవది, ప్రధాన ప్రాసెస్‌ను మార్చినా దాని వర్కర్లలో కొన్ని గ్రూపు బయటే మిగిలిపోతున్నాయి, కొన్ని లోపల ఉంటున్నాయి. మూడవది, ఒక్కో బ్యాచికి విడిగా ఉపగ్రూపు ఉంటే బాగుంటుందని "విద్యార్థులు" గ్రూపు సబ్‌ట్రీ కంట్రోల్ ఫైలులో (ఉపగ్రూపులకు ఏ వనరులు పంచాలో చెప్పేది) మెమరీని చేర్చబోతే, పరికరం పనిలో ఉందన్న అర్థంలో "బిజీ" అనే లోపం వస్తోంది. పరీక్షల ముందు ప్రాజెక్టుల సమర్పణ జరిగే వారం దగ్గరపడుతోంది. దయచేసి తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1 (పాత టెర్మినల్)

మునగచెట్టు గారికి నమస్కారం. మీ మొదటి రెండు సందేహాలకు మూలం ఒక్కటే. మీరు ప్రాసెస్‌ను అది నడుస్తున్న మధ్యలో మార్చుతున్నారు, కానీ సీగ్రూపుల లెక్క ప్రాసెస్ పుట్టుక దగ్గర మొదలవుతుంది.

మెమరీ విషయం ముందు చూద్దాం. ఒక ప్రాసెస్ ఒక పేజీని (పుస్తకం పేజీ కాదు, మెమరీలో ఒక చిన్న ముక్క) మొదటిసారి తాకినప్పుడు, ఆ క్షణంలో అది ఏ గ్రూపులో ఉంటే ఆ గ్రూపు ఖాతాలో ఆ పేజీ పద్దు పడుతుంది. తర్వాత ప్రాసెస్ వేరే గ్రూపుకు వెళ్ళినా ఆ పద్దు పాత గ్రూపులోనే ఉండిపోతుంది. ఆ పేజీని విడుదల చేసేవరకు అది మారదు. మనం అద్దె ఇల్లు మారినప్పుడు పాత ఇంటి మీటరులో తిరిగిన యూనిట్లు కొత్త ఇంటి మీటరులోకి రావు కదా, ఇదీ అంతే. మీ ప్రాసెస్ పట్టుకున్న 18 జీబీ దాని యజమాని లాగిన్ సెషన్ గ్రూపు ఖాతాలోనే ఉంది. కొత్త గ్రూపులో కనిపిస్తున్న వందల ఎంబీలు మార్చిన తర్వాత కొత్తగా తాకిన పేజీలవి మాత్రమే. అందువల్ల 24 జీబీ పరిమితికి ఆ 18 జీబీ కనబడనే కనబడదు.

మొదటి వెర్షన్‌లో ప్రాసెస్‌తోపాటు పద్దును కూడా మోసుకెళ్ళే ఏర్పాటు ఒకటి ఉండేది. లక్షల పేజీలను ఒక్కొక్కటిగా వెతికి ఖాతా మార్చడం చాలా ఖర్చుతో కూడిన పని కావడంతో రెండవ వెర్షన్‌లో దానికి చోటివ్వలేదు. కెర్నల్‌తో (లినక్స్ మూలభాగంతో) వచ్చే పత్రాలు కూడా ప్రాసెస్‌లను తరచుగా అటూ ఇటూ మార్చవద్దనీ, మొదలుపెట్టేటప్పుడే సరైన గ్రూపులో ఉంచి ఆపైన పరిమితుల ఫైళ్ళను మార్చుకోమనీ స్పష్టంగా చెబుతాయి. ఇది నాకు చాలా సబబైన నిర్ణయంగా అనిపిస్తుంది, ఎందుకంటే మధ్యలో మార్చే అలవాటు ఉన్నచోట ఏ క్షణంలో ఎవరి ఖాతా ఎంతో ఎవరూ నమ్మకంగా చెప్పలేరు.

ఇక వర్కర్ల సంగతి. ఫోర్క్ (ఒక ప్రాసెస్ ఇంకో ప్రాసెస్‌ను పుట్టించడం) జరిగిన క్షణంలో తల్లి ప్రాసెస్ ఏ గ్రూపులో ఉంటే పిల్ల ప్రాసెస్ అక్కడే పుడుతుంది. పుట్టిన తర్వాత తల్లితో దానికి గ్రూపు బంధం ఏమీ ఉండదు. మీరు ఒక పీఐడీ రాసినప్పుడు ఆ ప్రాసెస్ తన థ్రెడ్లన్నింటితో కదులుతుంది కానీ, అప్పటికే పుట్టిన పిల్లలు కదలవు. మీ స్క్రిప్టు నిమిషానికొకసారి నడుస్తుంది. పైథాన్ పూల్ (వర్కర్ల గుంపు) మొదటి క్షణాలలోనే వర్కర్లను పుట్టించేస్తుంది. కాబట్టి ముందు పుట్టినవి బయట ఉన్నాయి. ఏదైనా వర్కర్ పని ముగించుకున్నాక దాని స్థానంలో కొత్తగా పుట్టినది లోపల ఉంది. మీరు చూస్తున్న "కొన్ని లోపల, కొన్ని బయట" అన్నది అలా వచ్చిందే.

సరైన పద్ధతి ఏమిటంటే, ప్రోగ్రామ్ మొదలుకాకముందే గ్రూపులో చేరడం. ఒక చిన్న షెల్ స్క్రిప్టు తన పీఐడీని తానే సీగ్రూప్.ప్రాక్స్‌లో రాసుకుని, ఆ తర్వాత ఎగ్జెక్ ద్వారా అసలు ప్రోగ్రామ్‌గా మారిపోతే సరిపోతుంది. అప్పుడు మొదటి పేజీ నుంచే పద్దు సరైన ఖాతాలో పడుతుంది, పిల్లలన్నీ లోపలే పుడతాయి. పీఐడీ స్థానంలో సున్నా రాస్తే "రాస్తున్న ప్రాసెస్" అని అర్థం. ఇక్కడ చాలామంది జారిపడే చోటు ఒకటి ఉంది. అనుమతుల కోసం సూడోతో (నిర్వాహకుడి అధికారంతో) ఫైలులో రాసే టీ ఆజ్ఞను వాడి సున్నా రాస్తే గ్రూపులోకి వెళ్ళేది మీ షెల్ కాదు, ఆ టీ ప్రాసెస్. అది మరుక్షణమే ముగిసిపోతుంది. అలాంటిచోట షెల్ అసలు పీఐడీని రాయాలి. సీ భాషలో రాసేవారికి లినక్స్ 5.7 నుంచి ఇంకా శుభ్రమైన దారి ఉంది: క్లోన్3 పిలుపుకు గమ్యగ్రూపు డైరెక్టరీని తెలిపే ఫైల్ డిస్క్రిప్టర్‌ను ఇస్తే పిల్ల ప్రాసెస్ నేరుగా ఆ గ్రూపులోనే పుడుతుంది.

ఇప్పటికే నడుస్తున్న వంశం మొత్తాన్ని మార్చక తప్పని పరిస్థితి వస్తే, తల్లిని ముందు మార్చండి, ఆ తర్వాతే దాని పిల్లల జాబితా తీసుకోండి. తల్లి మారిన తర్వాత పుట్టే పిల్లలు ఎలాగూ కొత్త గ్రూపులోనే పుడతాయి కనుక, మీరు వెతకవలసినవి అంతకుముందు పుట్టినవే. వాటి సంఖ్య ఇక పెరగదు. ప్రతి తరానికీ ఇదే క్రమం పాటిస్తే, తల్లి చనిపోయి అనాథలైన ప్రాసెస్‌లు తప్ప ఏదీ జారిపోదు. జాబితాను ముందే తీసుకుని తర్వాత మార్చడం మొదలుపెడితే మాత్రం, ఆ మధ్యలో పుట్టినవి తప్పించుకుంటాయి. ఇలా మార్చినా మెమరీ పద్దు రాదన్న సంగతి మాత్రం అలాగే ఉంటుంది.

సమాధానం 2 (వేకువ)

పాత టెర్మినల్ గారు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మూడవ సందేహానికి నేను సమాధానం చెబుతాను. ఆ తర్వాత, మీ అమరిక మొత్తాన్నే మార్చమని కోరుతాను.

రెండవ వెర్షన్‌లో ఒక నియమం ఉంది. మెమరీ వంటి వనరును ఒక గ్రూపు తన ఉపగ్రూపులకు పంచిపెట్టాలంటే ఆ గ్రూపులో నేరుగా ఏ ప్రాసెస్ ఉండకూడదు. మూలగ్రూపుకు మాత్రమే దీని నుంచి మినహాయింపు. "విద్యార్థులు" గ్రూపులో ఇప్పటికే ప్రాసెస్‌లు ఉన్నాయి కనుక సబ్‌ట్రీ కంట్రోల్‌లో రాయబోతే "బిజీ" అని వచ్చింది. ఈ నియమం వెనుక కారణం ఉంది. తల్లిగ్రూపులో నేరుగా ఉన్న ప్రాసెస్‌లూ, దాని ఉపగ్రూపులూ ఒకే వనరు కోసం పోటీపడితే ఎవరి వాటా ఎంతో తేల్చడానికి సరైన కొలబద్ద ఉండదు. మొదటి వెర్షన్‌లో ఒక్కో కంట్రోలర్ (ఒక వనరును పంచే భాగం) దీన్ని ఒక్కో రకంగా పరిష్కరించుకునేది. ప్రాసెస్‌లన్నీ కొమ్మల చివర ఉన్న ఆకుల్లోనే ఉండాలన్నది అందుకే. ముందు ఉపగ్రూపులను సృష్టించి, ఉన్న ప్రాసెస్‌లను వాటిలోకి మార్చి, తల్లిగ్రూపు ఖాళీ అయ్యాక రాస్తే లోపం రాదు.

అయితే, ఆ డైరెక్టరీని చేత్తో సృష్టించడమే అసలు ఇబ్బంది అని నా అభిప్రాయం. మీ సర్వర్‌లో సిస్టమ్‌డీ (సేవలనూ లాగిన్లనూ నిర్వహించే ప్రోగ్రామ్) నడుస్తుంటే సీగ్రూపు చెట్టుకు యజమాని అది. ఒక్కో కొమ్మను ఒక్కరే రాయాలన్నది దాని ఒప్పందం. లాగిన్ సెషన్‌లోని ప్రాసెస్‌ను మీరు బయటికి తీసి సొంత డైరెక్టరీలో పెట్టిన క్షణం నుంచి సిస్టమ్‌డీకి దాని జాడ తెలియదు. ఆ వినియోగదారుడి ప్రాసెస్‌లన్నిటినీ ముగించమని లాగిన్‌సీటీఎల్‌కు చెప్పినా, మీరు తరలించినవి మాత్రం బతికే ఉంటాయి.

మీకు కావలసిన గ్రూపులు నిజానికి ఇప్పటికే ఉన్నాయి. ఎస్ఎస్‌హెచ్ ద్వారా ఎవరు లాగిన్ అయినా, లాగిన్ సమయంలోనే ప్యామ్ (లాగిన్ తనిఖీ) మాడ్యూల్ ద్వారా ఆ వ్యక్తి యూఐడీతో (వినియోగదారు నంబరుతో) ఒక స్లైస్ (సిస్టమ్‌డీ నడిపే సీగ్రూపు) ఏర్పడుతుంది. వెయ్యవ నంబరు వినియోగదారుడికి యూజర్-1000.స్లైస్ అన్నట్టు. అతని షెల్, టీమక్స్, పైథాన్, వర్కర్లు అన్నీ అందులోనే పుడతాయి. ఈటీసీ-సిస్టమ్‌డీ-సిస్టమ్ డైరెక్టరీలో "యూజర్-.స్లైస్.డీ" అనే పేరుతో ఒక ఉపడైరెక్టరీని సృష్టించి (యూజర్ తర్వాత వచ్చే గీతను వదలవద్దు, అన్ని యూఐడీలకూ వర్తించేది ఆ గీత వల్లే), అందులో కాన్ఫ్ ఫైలు పెట్టి, స్లైస్ విభాగం కింద మెమరీహై 20 జీబీ, మెమరీమ్యాక్స్ 24 జీబీ, మెమరీస్వాప్‌మ్యాక్స్ 2 జీబీ అని రాసి, సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ చేయండి. పీఐడీలను వెతికే స్క్రిప్టు అవసరమే ఉండదు.

దీనితో ఆగవద్దు. ముగ్గురికి తలా 24 జీబీ అంటే 72 జీబీ అవుతుంది, మీ సర్వర్‌కు ఉన్నది 64. కాబట్టి అందరికీ పైనున్న యూజర్.స్లైస్‌కు కూడా 52 జీబీ వరకు అన్న పరిమితి పెట్టి, మిగిలినది సిస్టమ్ సేవలకు వదలండి. చెట్టులో పై పరిమితి కింది వాటన్నిటికీ కలిపి వర్తిస్తుంది. స్వాప్ (డిస్క్‌ను మెమరీగా వాడడం) పరిమితిని వదిలేసి మెమరీమ్యాక్స్ మాత్రమే పెడితే ప్రోగ్రామ్ డిస్క్‌ను ఊపిరాడనివ్వకుండా నలుపుతుంది, లాగిన్ కాలేని మీ ఇబ్బంది మళ్ళీ వస్తుంది.

మెమరీహైకీ మెమరీమ్యాక్స్‌కూ తేడాను విద్యార్థులకు కూడా చెప్పండి. మొదటి గీత దాటితే కెర్నల్ ఆ ప్రాసెస్‌లను నెమ్మదింపజేసి వాటి పేజీలను వెనక్కి లాక్కోవడానికి ప్రయత్నిస్తుంది, కానీ దేనినీ చంపదు. రెండవ గీత దగ్గర ఇక ఎంత ప్రయత్నించినా మెమరీ దొరకకపోతే ఆ గ్రూపులోనే ఒక ప్రాసెస్‌ను ఎంచి చంపుతుంది. పైథాన్ పూల్‌లో ఒక్క వర్కర్ ఇలా చనిపోతే ప్రధాన ప్రాసెస్ రాని జవాబు కోసం అలా ఎదురుచూస్తూ ఉండిపోతుంది. ఆకుగ్రూపులో మెమరీ.ఓఓఎమ్.గ్రూప్ ఫైలులో 1 అని ఉంటే గ్రూపు మొత్తం ఒకేసారి ముగుస్తుంది, విద్యార్థికి విషయం వెంటనే తెలుస్తుంది. పెద్ద పనులను సిస్టమ్‌డీ-రన్ ద్వారా ఒక తాత్కాలిక సర్వీసుగా మొదలుపెట్టి ఓఓఎమ్‌పాలసీని కిల్‌గా ఇస్తే ఈ 1 దానంతటదే పడుతుంది.

ప్రశ్న (గోదారి గట్టు)

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మాకు ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో సెట్‌పీజీఐడీ అనే సిస్టమ్ పిలుపు గురించి చెప్పారు, అది కూడా ప్రాసెస్‌ను గ్రూపులో చేర్చేదే అన్నారు. ఆ గ్రూపూ, ఈ సీగ్రూపూ ఒకటేనా? ఒకటే అయితే ఇంత అమరిక ఎందుకు?

సమాధానం 3 (పాత టెర్మినల్)

పేరు ఒకటే కానీ రెండూ వేర్వేరు, గోదారి గట్టు గారూ. మీ పాఠంలోనిది యూనిక్స్ ప్రాసెస్ గ్రూపు. బర్క్‌లీ యూనిక్స్‌లో జాబ్ కంట్రోల్ కోసం రూపుదిద్దుకుని, తర్వాత పోసిక్స్ ప్రమాణంలోకి వచ్చింది. దాని పని సిగ్నల్ ఎవరికి చేరాలో, టెర్మినల్ ఎవరి చేతిలో ఉండాలో నిర్ణయించడం. మీరు మూడు ఆజ్ఞలను పైపులతో కలిపి నడిపినప్పుడు షెల్ ఆ మూడింటినీ ఒకే ప్రాసెస్ గ్రూపులో పెడుతుంది. అందువల్లనే కంట్రోల్-సీ నొక్కితే మూడూ ఆగుతాయి, షెల్ మాత్రం ఆగదు. మెమరీ ఎంత వాడాలో, సీపీయూలో ఎంత వాటా రావాలో ఈ గ్రూపుకు ఏ సంబంధమూ లేదు.

ఇక్కడ కూడా పుట్టుక క్షణం ఎంత ముఖ్యమో గమనించండి. షెల్ తన పిల్ల ప్రాసెస్‌ను గ్రూపులో చేర్చాలి. అయితే ఫోర్క్ తర్వాత తల్లి ముందు నడుస్తుందో పిల్ల ముందు నడుస్తుందో చెప్పలేము. తల్లి ఒక్కటే సెట్‌పీజీఐడీ పిలిస్తే, ఈలోగా పిల్ల ఎగ్జెక్ చేసేసి ఉండవచ్చు. అప్పుడు ఆ పిలుపు అనుమతి లోపంతో విఫలమవుతుంది. పిల్ల ఒక్కటే పిలిస్తే, అది పిలిచేలోగానే షెల్ ఆ గ్రూపుకు టెర్మినల్ అప్పగించడానికో సిగ్నల్ పంపడానికో ప్రయత్నించవచ్చు. అందుకే శ్రద్ధగా రాసిన షెల్లలో తల్లీ పిల్లా రెండూ అదే పిలుపును చేస్తాయి. ఎవరు ముందు చేసినా ఫలితం ఒకటే, రెండవ పిలుపు వల్ల నష్టం లేదు. మీ షెల్ ప్రాజెక్టులో ఒక్కవైపే రాసి ఉంటే ఒకసారి సరిచూసుకోండి. అప్పుడప్పుడూ మాత్రమే కనిపించే దోషాలు ఇక్కడి నుంచే వస్తాయి.

సెషన్ నాయకుడైన ప్రాసెస్‌ను ఈ పిలుపుతో మార్చలేము, వేరే సెషన్‌లోని గ్రూపులో చేర్చనూలేము. అన్నిటికన్నా ముఖ్యమైన తేడా ఏమిటంటే, ప్రాసెస్ గ్రూపు నుంచి ఎవరైనా స్వయంగా బయటపడవచ్చు. సెట్‌సిడ్ పిలిస్తే చాలు, కొత్త సెషన్, కొత్త గ్రూపు. అందుకే కిల్ ఆజ్ఞకు గ్రూపు నంబరును రుణ గుర్తుతో ఇచ్చినా, తెరవెనుక నడిచే డీమన్‌గా మారిన ప్రాసెస్‌లకు ఆ సిగ్నల్ చేరదు. సీగ్రూపు నుంచి అలా తప్పించుకోవడం కుదరదు: గమ్యగ్రూపు సీగ్రూప్.ప్రాక్స్‌లోనూ, రెండు గ్రూపులకూ ఉమ్మడిగా ఉన్న పూర్వగ్రూపు సీగ్రూప్.ప్రాక్స్‌లోనూ రాసే అనుమతి ఉంటేనే మారగలరు. లినక్స్ 5.14 నుంచి సీగ్రూప్.కిల్ అనే ఫైలు కూడా ఉంది. దానిలో 1 అని రాస్తే ఆ గ్రూపు, దాని ఉపగ్రూపులలోని ప్రాసెస్‌లన్నీ ముగుస్తాయి, అప్పుడే పుడుతున్నవి సహా.

సీగ్రూపులు వచ్చింది మరీ ఆలస్యంగా. గూగుల్‌లో పాల్ మెనేజ్, రోహిత్ సేథ్ 2006లో ఈ పనిని "ప్రాసెస్ కంటైనర్లు" అన్న పేరుతో మొదలుపెట్టారు. కంటైనర్ అన్న మాటకు అప్పటికే వేరే అర్థాలు ఉండడంతో పేరు మారి, 2008 జనవరిలో విడుదలైన 2.6.24 కెర్నల్‌లో ఇది చేరింది. ఆ వెర్షన్‌లో ప్రతి కంట్రోలర్‌కూ వేరే చెట్టు ఉండవచ్చు, ఒకే ప్రాసెస్ సీపీయూ చెట్టులో ఒక చోట, మెమరీ చెట్టులో ఇంకో చోట ఉండవచ్చు. తేజున్ హో నడిపిన రెండవ వెర్షన్ అందరికీ ఒకే చెట్టు అని తేల్చింది. 2016 మార్చిలో వచ్చిన 4.5 కెర్నల్‌తో అది అధికారికమైంది.

సమాధానం 4 (కిటికీ పక్క)

విండోస్‌లో పనిచేసేవారు ఎవరైనా దీన్ని చదువుతుంటే వారి కోసం చిన్న మాట. అక్కడ ఇదే అవసరానికి విండోస్ 2000 నుంచి జాబ్ ఆబ్జెక్టులు ఉన్నాయి, అసైన్‌ప్రాసెస్‌టుజాబ్‌ఆబ్జెక్ట్ అనే పిలుపుతో ప్రాసెస్‌ను చేరుస్తారు. పుట్టుక సమస్య అక్కడా ఉంది. అందుకే ప్రాసెస్‌ను నిలిపివేసిన స్థితిలో సృష్టించి, జాబ్‌లో చేర్చి, ఆ తర్వాత దాని ప్రధాన థ్రెడ్‌ను నడిపిస్తారు. విండోస్ 8కు ముందు ఒక ప్రాసెస్ ఒక్క జాబ్‌లోనే ఉండగలిగేది. ఆ తర్వాత ఒకదానిలో ఒకటి ఒదిగిన జాబ్‌లు సాధ్యమయ్యాయి. జాబ్‌కు ఉన్న చివరి హ్యాండిల్ మూతపడగానే అందులోని ప్రాసెస్‌లన్నీ ముగిసేలా కూడా పెట్టుకోవచ్చు.

మునగచెట్టు

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నా స్క్రిప్టునూ, చేత్తో సృష్టించిన డైరెక్టరీనీ తీసేశాను. వేకువ గారు చెప్పినట్టు యూజర్ స్లైసులకు పరిమితులు పెట్టి, పైన యూజర్.స్లైస్‌కు 52 జీబీ ఇచ్చాను. నిన్న సాయంత్రం నలుగురు విద్యార్థులను కావాలనే ఒకేసారి పెద్ద పనులు మొదలుపెట్టమన్నాను. ఒకరి పని 24 జీబీ దగ్గర ఆగిపోయింది, మిగిలిన ముగ్గురి పనులు నడిచాయి, నేను ఆ సమయంలో లాగిన్ కాగలిగాను. సిస్టమ్‌డీ-సీజీటాప్ తెరిచి ఒక్కో విద్యార్థి పేరున ఎంత వాడకం ఉందో మొదటిసారి సరిగ్గా చూశాను.

ఒక్కటి మిగిలింది. డాకర్ (ప్రోగ్రాములను విడి కంటైనర్లలో నడిపే సాధనం) ద్వారా నడిపే ఇద్దరు విద్యార్థుల ప్రాసెస్‌లు వారి స్లైసులో కనిపించడం లేదు.

వేకువ

అది కూడా పుట్టుక నియమమే. డాకర్ ఆజ్ఞను విద్యార్థి ఇచ్చినా, కంటైనర్‌ను పుట్టించేది డాకర్ డీమన్. ఆ డీమన్ ఉన్నది సిస్టమ్ వైపు. కాబట్టి కంటైనర్ సిస్టమ్.స్లైస్ కింద పుడుతుంది, విద్యార్థి పరిమితికి అందదు. డీమన్ కాన్ఫిగరేషన్‌లో సీగ్రూప్-పేరెంట్ అనే ఎంపికకు వేరే స్లైస్ పేరు ఇచ్చి, ఆ స్లైస్‌కు మెమరీ పరిమితి పెట్టండి. అప్పుడు కంటైనర్లన్నీ కలిసి ఒక హద్దులో ఉంటాయి. యూజర్.స్లైస్‌కు ఇచ్చిన 52 జీబీలోంచి ఆ మేరకు తగ్గించడం మరవకండి. ఎవరి వాడకం వారి ఖాతాలోనే పడాలనుకుంటే ఆ ఇద్దరినీ డాకర్ లాంటిదే అయినా రూట్ (నిర్వాహక అధికారం) అవసరం లేని పాడ్‌మన్‌కు మారమనండి. దానికి మధ్యలో డీమన్ లేదు, విద్యార్థి షెల్ నుంచే కంటైనర్ పుడుతుంది కనుక అతని స్లైసులోనే ఉంటుంది.